సోలో, స్క్వాడ్, సర్కారు

పార్లమెంటు ఉభయసభలు 2025 ఆగస్టు 20, 21 తేదీల్లో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. బిహార్ ఓటర్ల జాబితా సవరణపై ప్రతిపక్షాల నినాదాల హోరు నడుమ, చర్చ అనదగినది లేకుండానే, మూడు రోజుల్లో ఒక పరిశ్రమ తలరాత మారిపోయింది. ఆ తర్వాత టీవీల్లోనూ పత్రికల్లోనూ సాగిన వాదోపవాదాలన్నీ డబ్బు పందేల చుట్టూనే తిరిగాయి. అది సహజమే. కానీ చట్టంలో అంతకంటే ఆసక్తికరమైన మాట ఒకటి ఎవరి దృష్టికీ ఆనకుండా దాటిపోయింది. ఆ మాట ‘ఆన్‌లైన్ సోషల్ గేమ్’.

చట్టం ఆన్‌లైన్ ఆటలను మూడు అరల్లో సర్దింది. ఒక అరలో ఈ-స్పోర్ట్స్, రెండో అరలో సోషల్ గేమ్స్, మూడో అరలో మనీ గేమ్స్. మూడోదానిపై నిషేధం. మొదటి రెండింటికీ ప్రోత్సాహం. ఇంతకీ సోషల్ గేమ్ అంటే ఏమిటి? పందెం లేనిది, వినోదానికో కాలక్షేపానికో నైపుణ్యాభివృద్ధికో ఉద్దేశించినది, మిగతా రెండు అరల్లో ఇమడనిది. ఎవరితో ఆడుతున్నారు, అసలు ఎవరితోనైనా ఆడుతున్నారా అన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు. అర్ధరాత్రి ఒంటరిగా మంచం మీద పడుకుని ఫోన్‌లో రంగురంగుల మిఠాయి బిళ్లలను జరుపుకునే మనిషి ఈ లెక్కన ‘సోషల్ గేమ్’ ఆడుతున్నట్టు. ఆరుగురు ముఖాముఖి కబుర్లాడుకుంటూ పది రూపాయల పందెంతో తెరమీద పేక పంచుకుంటే అది సోషల్ కాదు.

శాసనకర్తల భాషలో ఇలాంటి వింతలు కొత్త కాదు. అయితే ఇది నిఘంటువుకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. ఒంటరి ఆటకూ ఉమ్మడి ఆటకూ మధ్య గీత ఎక్కడుంది, ఆ గీత గీసే అధికారం ఎవరిది అన్నదే నెట్‌వర్క్ ఆటల దాదాపు అర్ధశతాబ్దపు చరిత్ర. ఆ చరిత్ర తెలియని రాజ్యాలు ఈ ఉపఖండంలో గడచిన ఆరేడేళ్లుగా ఆటలను నిషేధిస్తూ, ఎత్తివేస్తూ, మళ్లీ నిషేధిస్తూ వస్తున్నాయి.

మొదలు 1978లో, ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి అక్కడి పీడీపీ-10 కంప్యూటర్‌పై పలువురు ఒకేసారి ప్రవేశించగల ఊహాలోకం ఒకటి రాయడం ప్రారంభించాడు. దానికి ‘మడ్’ అని పేరు పెట్టాడు. 1980లో ఆ పని అతని మిత్రుడు రిచర్డ్ బార్టిల్ చేతికి వచ్చింది. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ‘నువ్వు ఒక ఇరుకు దారిలో ఉన్నావు’ అన్న ధోరణిలో యంత్రం వర్ణిస్తుంది. ఆడేవాడు ఆజ్ఞ టైపు చేస్తాడు. నిధులు వెదికి తెచ్చి బురదగుంటలో వేస్తే మార్కులు పడతాయి, మార్కులు పెరిగితే హోదా పెరుగుతుంది, చివరి మెట్టు ఎక్కినవాడు మాంత్రికుడవుతాడు. సామాన్య కుటుంబం నుంచి వచ్చిన బార్టిల్ ఆ తర్వాతి కాలంలో ఒక సంగతి పలుమార్లు వివరించాడు: పుట్టుకనుబట్టీ ఉచ్చారణనుబట్టీ మనిషికి వెల కట్టే బ్రిటిష్ వర్గవ్యవస్థకు ప్రత్యామ్నాయంగా, చేతల వల్ల మాత్రమే ఎదగగల లోకాన్ని కట్టాలనుకున్నామని. అంటే తొలి ఉమ్మడి ఆట వెనుక రాజకీయ సంకల్పం ఉంది. వర్గం వద్దనుకున్నవాళ్లు హోదాల నిచ్చెనను మాత్రం ఎందుకు ఉంచుకున్నారన్నది వేరే ప్రశ్న.

ఆ నిచ్చెనను కూడా తీసేస్తే ఏమవుతుందో 1989లో తేలింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ ‘టైనీమడ్’ను రాశాడు. అందులో మార్కులు లేవు, గెలుపు లేదు. జనం వచ్చి గదులు కట్టుకున్నారు, వాటిని అలంకరించుకున్నారు, కూర్చుని మాట్లాడుకున్నారు. ఇది ఆటేనా అని అప్పుడే తగువు మొదలైంది. ఆ తగువు నేటికీ తీరలేదు.

1996లో బార్టిల్ ఆటగాళ్లను పేకముక్కల రంగులతో పోలుస్తూ ప్రసిద్ధ వ్యాసం రాశాడు. డైమన్లు సంపద, హోదా కూడబెట్టేవారు. ఇస్పేట్లు లోకాన్ని తవ్వి శోధించేవారు. ఇంగ్లీషులో ఆ మాటకు పార అనే అర్థమూ ఉంది. ఆటీన్లు మనుషుల కోసం వచ్చేవారు. కళావర్లు ఇతరులను బాది ఆనందించేవారు. ఆ మాటకు దుడ్డుకర్ర అనే అర్థం. ఈ నాలుగు రంగులను తర్వాతివాళ్లు ‘మీరు ఏ రకం’ అని అడిగే వ్యక్తిత్వ పరీక్షగా మార్చి పలచన చేశారు గానీ, బార్టిల్ అసలు వాదం జీవావరణానికి సంబంధించినది. కళావర్లు పెరిగితే ఆటీన్లు వెళ్లిపోతారు. ఆటీన్లు వెళ్లిపోతే కళావర్లకు బాదేందుకు ఎవరూ మిగలరు. డైమన్లు మాత్రమే మిగిలిన లోకం గణితపు లెక్కలా ఎండిపోతుంది. లోకాన్ని నడిపేవాడు ఏ మీట నొక్కితే ఏ జాతి పెరుగుతుందో, ఏ జాతి తరుగుతుందో తెలుసుకొని నొక్కాలి. ఆ మాట చదివినప్పుడు మన ఎన్నికల వ్యూహకర్తలు గుర్తుకు రాకపోరు.

ఈ లోకాలకు రాజ్యాంగం అవసరమన్న సంగతి మాత్రం సిద్ధాంతం వల్ల తెలియలేదు, ఒక హింస వల్ల తెలిసింది. జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ 1990లో నెలకొల్పిన ‘లాంబ్డామూ’ కూడా అక్షరాల లోకమే. నిర్వాహకులైన ‘మాంత్రికులు’ 1992 చివర ఒక ప్రకటన చేశారు: ఇక్కడి సామాజిక తగాదాల్లో ఇక తలదూర్చం, యంత్రం నడిపే పని మాత్రమే చూసుకుంటాం. కొద్ది నెలలకే, 1993లో, ఒక సభ్యుడు చిన్న ప్రోగ్రాం సాయంతో ఇతరుల పాత్రలను వశపరచుకొని, అందరూ కూర్చునే హాల్లో వాటిపై లైంగిక హింస జరుగుతున్నట్టు అక్షరాల్లో వర్ణించాడు. బాధితులు శిక్ష కోరారు. శిక్షించే వ్యవస్థ లేదు. సభ పెట్టారు, రాజ్యవాదులు, అరాజకవాదులు, న్యాయప్రక్రియావాదులు అందరూ మాట్లాడారు, ఏ తీర్మానమూ కాలేదు. చివరకు ఒక మాంత్రికుడు తనంతట తానే ఆ ఖాతాను తుడిచేశాడు. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన కర్టిస్ ఇలా కుదరదని వినతిపత్రాలు, బ్యాలెట్ల పద్ధతి ప్రవేశపెట్టాడు. పాత్రికేయుడు జూలియన్ డిబెల్ ‘విలేజ్ వాయిస్’లో రాసిన కథనం వల్ల ఈ ఉదంతం లోకానికి తెలిసింది. రాజ్యం వైదొలగితే సమాజం స్వయంగా నిలబడుతుందన్న ఆశకూ, రాజ్యం లేని చోట బలవంతుడే రాజ్యమన్న భయానికీ మధ్య నడిచిన వాదన అది. పదిహేడో శతాబ్దపు తత్త్వవేత్తల గ్రంథాల్లో ఉండేది, కొన్ని వారాల్లో టెలిఫోన్ తీగల మీద జరిగిపోయింది.

తర్వాత వ్యాపారం వచ్చింది. 1997 సెప్టెంబరులో విడుదలైన ‘అల్టిమా ఆన్‌లైన్’లో ఎవరు ఎవరినైనా చంపవచ్చు, దోచుకోవచ్చు. కొత్తవారు గనిలో ఖనిజం తవ్వుకుని ఊరు చేరేలోగా బందిపోట్ల పాలయ్యేవారు. ఆ భయం వల్లే కాపలా దళాలు, ఊరి పొత్తులు, నమ్మకస్తుల జాబితాలు పుట్టాయి. కానీ నెలనెలా చందా కట్టేవారు వెళ్లిపోతుంటే కంపెనీ ఎంతకాలం చూస్తుంది? 2000లో లోకాన్ని రెండుగా చీల్చింది. ఫెలుక్కాలో పాత నిబంధనలు, ట్రామెల్‌లో పూర్తి భద్రత. అత్యధికులు ట్రామెల్‌కు తరలిపోయారు. ఫెలుక్కా పాడుబడింది. విభజన అన్న మాట ఈ ఉపఖండంలో తేలిగ్గా వాడదగినది కాదు కనుక ఆ పోలిక ఇక్కడే ఆపడం మర్యాద. భద్రత దొరికింది, దానితోపాటు ఇరుగుపొరుగు అవసరమూ తగ్గిందన్నది మాత్రం అప్పటి ఆటగాళ్లు చాలామంది చెప్పుకున్న మాట.

1999 మార్చిలో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’ మరో దారి ఎంచుకుంది. మనుషుల మధ్య శత్రుత్వాన్ని చాలావరకు తీసేసి, అవసరాన్ని పెంచింది. దెబ్బలు కాచేవాడు ఒకడు, గాయాలు మాన్పేవాడు ఒకడు, శత్రువును కొట్టేవారు మరికొందరు. ఒంటరిగా వెళితే చాలామందికి చావు తప్పదు. చస్తే కష్టపడి కూడబెట్టిన అనుభవం పోతుంది. పోరు ముగిశాక శక్తి పుంజుకోవడానికి నిమిషాల తరబడి కూర్చోవాలి. ఆ కూర్చోవడంలోనే అసలు సంగతి ఉంది. చేసేందుకు ఏమీ లేనప్పుడు మనుషులు మాట్లాడుకుంటారు. రాత్రి రైలు బోగీలో ఎదురు బెర్తు వాళ్ల పిల్లల చదువుల దాకా మనకు తెలిసినట్టే, ఎవర్‌క్వెస్ట్ దిబ్బల మీద కూర్చున్నవారికి ఒకరి ఉద్యోగాలు, విడాకులు, జబ్బులు మరొకరికి తెలిసేవి. మాట ఇచ్చి తప్పినవాడి పేరు సర్వరంతా పాకేది. వాడిని ఇక ఏ జట్టూ చేర్చుకునేది కాదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 2000లో, రాబర్ట్ పుట్నమ్ అమెరికన్లు జట్లుగా కాక ఒంటరిగా బౌలింగ్ ఆడుతున్నారని, పౌరసంఘాలు ఎండిపోతున్నాయని పుస్తకం రాశాడు. ఊరిలో ఆవిరైన రచ్చబండ తెరమీద మొలిచిందని సంతోషించినవారు లేకపోలేదు. 2006లో కాన్‌స్టన్స్ స్టెయిన్‌కూలర్, డిమిట్రీ విలియమ్స్ అనే పరిశోధకులు ఈ ఆటలను ఇల్లూ ఆఫీసూ కాని ‘మూడో చోటు’గా గుర్తించవచ్చని వాదించారు. కానీ అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనం ఆ సంతోషం మీద నీళ్లు చల్లింది.

2004 నవంబరులో విడుదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అప్పటికే ప్రపంచాన్ని ఊపేస్తోంది. నికొలస్ డుషెనో, నిక్ యీ తదితరులు దాని సర్వర్లను నెలల తరబడి యంత్రంతో పరిశీలించి, ఎవరు ఎప్పుడు జట్టులో ఉన్నారో లెక్కకట్టారు. జట్టుగా ఆడటం అనుకున్నంత సాధారణం కాదని, ముఖ్యంగా తొలి దశల్లో జనం ఎక్కువగా ఒంటరిగానే ఆడుతున్నారని తేలింది. మరి ఒంటరిగా ఆడేవాడికి వేలమంది ఉన్న లోకం ఎందుకు? అధ్యయనం చెప్పిన జవాబు గొప్పది. చుట్టూ ఉన్నవారు తోటి ఆటగాళ్లు కారు. తన కవచాన్ని చూసి అసూయపడే ప్రేక్షకులు, కంటికి ఇంపైన నేపథ్యం, అప్పుడప్పుడూ చెవిన పడే లోకాభిరామాయణం. ఫేస్‌బుక్ గోడలు ఇంకా ప్రధానంగా విద్యార్థుల వరకే ఉన్న రోజుల్లో చేసిన నిర్ధారణ ఇది. తర్వాతి దశాబ్దంలో సామాజిక మాధ్యమాలు మనందరినీ ఎక్కడికి తీసుకెళ్లాయో ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఈ ఏకాంతాన్ని తప్పుపట్టడం సులువు, న్యాయం కాదు. పిల్లలను నిద్రపుచ్చి అరగంట దొరికే తల్లికి ఆరు గంటల దండయాత్రలో చోటు లేదు. వైకల్యం వల్ల నెమ్మదిగా ఆడేవారిని జట్లు భరించవు. గొంతు వినిపిస్తే చాలు, అసభ్య మాటలు మొదలవుతాయని మైకు ఆపేసి, మగపేరు పెట్టుకుని ఆడే ఆడపిల్లలు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఇరానీ హోటల్లో ఒంటరిగా చాయ్ తాగేవాడికి ఎదుటి బల్ల మీది సందడి కూడా చాయ్‌లో భాగమే. ఎవరూ లేనిచోట ఒంటరిగా ఉండటం వేరు, అందరిలో ఒంటరిగా ఉండటం వేరు. రెండోదానికి ఇతరులు కావాలి.

తప్పుపట్టవలసింది ఆటగాడి ఏకాంతాన్ని కాదు, ఉమ్మడితనాన్ని యంత్రానికి ఒప్పగించిన పద్ధతిని. 2009 డిసెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు ‘డంజన్ ఫైండర్’ అనే సదుపాయం వచ్చింది. అంతకుముందు ఐదుగురు కావాలంటే నగరం నడిబొడ్డున నిలబడి కేకలు వేయాలి, తెలిసినవారిని బతిమాలాలి, గుహదాకా నడవాలి. ఇప్పుడు మీట నొక్కితే యంత్రమే వేర్వేరు సర్వర్ల నుంచి నలుగురిని తెచ్చి, అందరినీ ఒక్కసారిగా గుహద్వారం వద్ద నిలబెడుతుంది. ఇరవై నిమిషాల్లో పని పూర్తి. ఒక్క మాట కూడా మాట్లాడనక్కరలేదు. ఆ నలుగురూ మళ్లీ కనిపించరు కనుక మర్యాదతో పని లేదు. మోసం చేసినా పేరు పాకదు. అంకెల లెక్కన జట్టు ఆట విపరీతంగా పెరిగింది. సారంలో ఐదుగురు ఒంటరివాళ్లు ఒకే గదిలో పని ముగించుకుని వెళ్లిపోతున్నారు. మిస్డ్ కాల్ ఇస్తే పార్టీ సభ్యత్వం ఇచ్చే పద్ధతి మన జాతీయ రాజకీయాల్లోకి ఇంకో ఐదేళ్లకు వచ్చింది. సభ్యులు కోట్లకు చేరారు. శాఖా సమావేశాలకు వచ్చేదెందరన్నది ఏ పార్టీ కార్యకర్తనడిగినా చెబుతాడు.

2010 అక్టోబరులో ఆ ఆటకు 1 కోటీ 20 లక్షలకు పైగా చందాదారులు ఉన్నారు. ఆ తర్వాత ఆ శిఖరాన్ని అందుకోలేకపోయింది. దానికి కారణాలు అనేకం, డంజన్ ఫైండర్ మీదే నెపం వేయడం అతిశయోక్తి. అయినా 2019 ఆగస్టులో కంపెనీ పాత ఆటను పాత ఇబ్బందులతో సహా మళ్లీ విడుదల చేసినప్పుడు జనం గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారన్నది నిజం. కేకలు వేసి మనుషులను పోగుచేసుకునే అసౌకర్యాన్ని వారు డబ్బిచ్చి తిరిగి కొనుక్కున్నారు.

ఉమ్మడితనాన్ని చివరిదాకా లాగినవారూ ఉన్నారు. దక్షిణ కొరియా ఆట ‘లీనియేజ్ 2’లో, 2004లో, బార్ట్స్ అనే సర్వర్‌ను ఏలుతున్న బలమైన కూటమి పన్నుల మీద తిరుగుబాటు లేచింది. ఆయుధాలు లేని కొత్త ఆటగాళ్లు లోదుస్తుల్లోనే గుంపులుగా వచ్చి కవచధారుల మీద పడ్డారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పోరును కొరియన్లు విమోచన యుద్ధమని పిలుచుకున్నారు. ఐస్‌లాండ్ కంపెనీ నడిపే ‘ఈవ్ ఆన్‌లైన్’లో 2008 నుంచి ఆటగాళ్లు ఓట్లేసి ప్రతినిధి మండలిని ఎన్నుకుంటున్నారు. 2012 సెప్టెంబరు 11న లిబియాలోని బెంఘాజీలో అమెరికా దౌత్యకార్యాలయంపై జరిగిన దాడిలో మరణించిన షాన్ స్మిత్ అమెరికా విదేశాంగశాఖ ఉద్యోగి. ఆ ఆటలో ‘వైల్ ర్యాట్’ అనే పేరుతో ఒక పెద్ద కూటమికి ప్రధాన దౌత్యవేత్త కూడా. ఆయన మృతికి ఆటగాళ్లు తమ స్థావరాలకు ఆయన పేరు పెట్టి నివాళి అర్పించారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మన ఉపఖండం ఎక్కడుంది? సైబర్ కేఫ్‌లో ఉంది. ఇంట్లో కంప్యూటరు, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న కుటుంబాలు తక్కువ. గంటకింత అని చెల్లించి, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కౌంటర్-స్ట్రైక్ ఆడిన తరం హైదరాబాద్ అమీర్‌పేటలోనూ లాహోర్‌లోనూ ఢాకాలోనూ ఒకటే. శత్రువు కేక గోడ అవతలి నుంచి వినిపించేది. సర్కారుకు ఆ చోటు అనుమానాస్పదంగా తోచింది. 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు గుర్తింపు పత్రం చూపమన్నాయి. గదుల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులకు మించరాదని, విడిగా ఉన్న తెరలు బయటికి కనిపించేలా ఉండాలని కొలతలతో సహా రాశాయి. యువకులు గుమిగూడే చోటు మీద రాజ్యం చూపు ఎలా పడుతుందో చెప్పడానికి ఆ నాలుగున్నర అడుగులు చాలు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చవకైంది. 2018 మార్చిలో పబ్‌జీ మొబైల్ వచ్చింది. వందమంది ఒక దీవిలో దిగి, చివరికి ఒక్కరో ఒక్క జట్టో మిగిలేదాకా పోరాడే ఆట. మొదటి తెరమీదే మూడు మాటలు: సోలో, డ్యుయో, స్క్వాడ్. మన కుర్రకారు స్క్వాడ్‌ను పట్టుకుంది. పాశ్చాత్య ఆటగాడు పాతికేళ్లలో టైపింగు నుంచి మాటకూ, గుంపు నుంచి ఏకాంతానికీ మెల్లగా నడిచి వస్తే, మనవాళ్లలో అత్యధికులకు నెట్‌వర్క్ ఆట అంటేనే చెవిలో ముగ్గురి గొంతులు. కరీంనగర్ హాస్టల్ కుర్రాడు బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నతో, గల్ఫ్‌లో ఉన్న బావతో కలిసి ఆడాడు. హిందీ, ఉర్దూ మాట్లాడేవారికి సరిహద్దు కూడా అడ్డు కాలేదు. భారత, పాకిస్తాన్ కుర్రాళ్లు ఒకే జట్టులో కవరింగ్ ఇచ్చుకున్నారు. సింధ్ నుంచి ఒక వివాహిత ఈ ఆటలో పరిచయమైన నోయిడా యువకుడి కోసం 2023లో పిల్లలతో సహా నేపాల్ మీదుగా వచ్చిన ఉదంతాన్ని టీవీ చానెళ్లు నెలల తరబడి నమిలాయి. గూఢచర్యం కోణం వెదికారు, ప్రేమ కోణం వెదికారు. రెండు దేశాల మామూలు మనుషులు వీసా లేకుండా కలుసుకోగలిగిన అరుదైన చోటు ఒకటి ఉండేదన్న సంగతి ఎవరికీ వార్త కాలేదు.

రాజ్యం స్పందన ఎలా ఉంది? 2019 జనవరిలో ‘పరీక్షా పే చర్చా’లో ఒక తల్లి తన కొడుకు ఆన్‌లైన్ ఆటల్లో పడిపోయాడని చెబితే ప్రధాని మోదీ, పబ్‌జీ ఆడే రకమా అని సరదాగా అడిగారు. సభ నవ్వింది. మార్చి నాటికి ఆ నవ్వు పోయింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు 144వ సెక్షన్ కింద ఆ ఆటను నిషేధించి, ఫోన్‌లో ఆడుతున్న పదిమంది విద్యార్థులను అరెస్టు చేశారు. 144 అంటే ఈ దేశ ప్రజల మనసులో ఒక్కటే అర్థం: నలుగురు గుమిగూడరాదు. స్క్వాడ్‌లో ఉండేది నలుగురే. పోలీసులకు తెలియకుండానే సరైన సెక్షన్ దొరికింది.

తర్వాత వరుస కట్టింది ఉపఖండం. 2019 ఏప్రిల్‌లో నేపాల్ నిషేధించింది. అదే నెలలో అక్కడి సుప్రీంకోర్టు ఆపేసింది. 2020 జులై 1న పాకిస్తాన్ టెలికాం సంస్థ నిలిపివేసింది. ఆ నెల 24న ఇస్లామాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2020 సెప్టెంబరు 2న, గల్వాన్ ఘర్షణ నేపథ్యంలో, మన కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం 69ఎ కింద పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2021 ఆగస్టులో బంగ్లాదేశ్ హైకోర్టు ఆదేశంతో అక్కడా మూతపడింది. వ్యసనం, ఆత్మహత్యలు, శాంతిభద్రతలు, సార్వభౌమత్వం అంటూ దేశానికో కారణం. నేపాల్, పాకిస్తాన్ నిషేధాలు కోర్టుల్లో నిలవలేదు. మన దగ్గర 69ఎ ఉత్తర్వులకు నిబంధనలే గోప్యత కల్పిస్తాయి కనుక ఆ పరీక్ష దాకా వెళ్లడమే కష్టం.

ఆట పోతే మరో ఆట వస్తుంది. కానీ ఆటతోపాటు పోయింది పరిచయాల జాబితా. అసలు పేర్లు తెలియని, ఫోన్ నంబర్లు లేని స్నేహాలవి. 2021 జులైలో దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ పేరుతో భారతదేశానికే పరిమితం చేసి తెచ్చింది. 2022 జులై 28న అదీ మాయమైంది, 2023 మేలో మూడు నెలల పరిశీలన షరతుతో తిరిగొచ్చింది. ఈసారి దీవి చుట్టూ సరిహద్దు ఉంది. ఆ దీవిలో పాకిస్తానీలు లేరు, నేపాలీలు లేరు.

ఇక పేకాట సంగతి. ఈ దేశంలో ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారానికి పునాది వేసిన తీర్పు సికింద్రాబాద్‌లో పుట్టింది. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె.సత్యనారాయణ’గా న్యాయ విద్యార్థులందరికీ తెలిసిన ఆ తీర్పు, మూడు ముక్కలాట వంటిది కాదు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అన్నది. అరవై ఏళ్ల నాటి ఆ మాటను ఫోన్ కంపెనీలు ఎత్తుకొచ్చి ఈ తరం వ్యాపారానికి కవచంగా తొడిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను అడ్డుకోవాలని అప్పటి ఏపీ ముఖ్యమంత్రి జగన్ కేంద్రానికి లేఖ రాశారు. ఆ లేఖల వెనుక అప్పుల పాలైన ఇళ్లున్నాయి.

తీర్పు చేతిలోని ముక్కలను చూసింది, బల్ల చుట్టూ ఉన్న మనుషులను చూడవలసిన అవసరం దానికి రాలేదు. ఎందుకంటే అప్పట్లో మనుషులు లేని రమ్మీ లేదు. క్లబ్బులో వరుసగా ఓడేవాడిని చూసి ‘ఇక లే బావా, ఇంటికి పద’ అనేవాడు ఒకడుంటాడు. అప్పిచ్చేవాడికీ ఇల్లు తెలుసు, ఇల్లాలు తెలుసు. క్లబ్బు మూసే వేళ ఒకటుంటుంది. ఫోన్‌లో ఎదుటివాడికి ముఖం లేదు, బల్లకు మూసే వేళ లేదు, లేవమనేవాడు లేడు. పేకాటలో డబ్బు ఎప్పుడూ ఉంది. కొత్తగా వచ్చిచేరింది ఏకాంతం. నైపుణ్యమా అదృష్టమా అని కోర్టులు అర్ధశతాబ్దం తర్కించాయి. పందెం ఉందా లేదా అని 2025 చట్టం అడిగింది. మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, పందెం లేకపోయినా గంటల తరబడి ఒక్క మనిషిని తెరకు కట్టిపడేసే ‘సోషల్’ ఆటల మీద కూడా ఒక మాట పడేది.

ఈ చరిత్రలో తాజా అధ్యాయం కాఠ్‌మాండులో రాశారు. తమ ఆట ఒకటి విఫలమయ్యాక జేసన్ సిట్రన్, స్టానిస్లావ్ విష్నెవ్‌స్కీ 2015లో విడుదల చేసిన డిస్కార్డ్, ఆటగాళ్లు పోరు మధ్యలో మాట్లాడుకోవడానికి చేసిన పనిముట్టు. జట్టుకో సర్వర్, పనికో చానెల్, సభ్యులకు హోదాలు, అల్లరి చేసేవారిని గెంటేందుకు పర్యవేక్షకులు, ఓటింగు పెట్టే వీలు. 2025 సెప్టెంబరు 4న ఓలీ ప్రభుత్వం నిషేధించిన 26 వేదికల్లో డిస్కార్డ్ కూడా ఉంది. 8న యువత వీధుల్లోకి వచ్చింది; ఆ ఒక్కరోజే కాల్పుల్లో 19 మంది మరణించారు. 9న ఓలీ రాజీనామా చేశారు. ఆ రాత్రీ మరునాడూ లక్షమందికి పైగా సభ్యులున్న డిస్కార్డ్ సర్వర్‌లో తాత్కాలిక ప్రధాని ఎవరన్న చర్చ నడిచింది, ఓటింగు జరిగింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ పేరు పైకి వచ్చింది.

లక్షమందిలో ఓటేసింది కొన్ని వేలమందే. వారిలో నేపాలీ పౌరులెందరో, పొరుగుదేశాల్లో కూర్చుని వేలు పెట్టినవారెందరో నిర్ధారించే ఓటర్ల జాబితా లేదు. సైన్యంతోనూ రాష్ట్రపతితోనూ జరిగిన మంతనాలే అసలు నిర్ణయం చేశాయని వాదించేవారి మాటలో బలం ఉంది. మాట్లాడనివ్వండి, వంతు పాటించండి అని పర్యవేక్షకులు గొంతు చించుకోవలసి వచ్చింది. సెప్టెంబరు 12న కర్కీ ప్రమాణం చేశారు. ఎన్నికలకు 2026 మార్చి 5ను ప్రకటించారు.